ముప్పై బారల తాడు

పోయిన నెల ఊరికి వెళ్ళి తిరిగి వస్తుంటే విమానాశ్రయంలో నా సంచి రెండు కిలోలు ఎక్కువ తూగింది. కౌంటరులో ఉన్న అమ్మాయి, మా మనవరాలికంటే ఒకటి రెండేళ్ళు పెద్దదేమో, "ఏదైనా తీసెయ్యాలి సార్" అంది. సంచి విప్పాను. అన్నిటికంటే పైన తాడు చుట్ట ఉంది. ఆ అమ్మాయి దాన్ని చూసి, నన్ను చూసి, "తాడెందుకు సార్?" అని అడిగింది. "బియ్యం దించడానికి" అన్నాను. యాభై ఏళ్ళ క్రితమైతే ఇలాంటి జవాబుకి ఎదుటివాళ్ళు నవ్వేవారు. ఇప్పుడు నా వయసు చూసి, వెంట ఎవరైనా వచ్చారా అని వెనక్కి చూస్తున్నారు. తాడు తీసేస్తే సరిపోయేది. తియ్యలేదు. అడుగున ఉన్న బూట్లు తీసి తొడుక్కున్నాను, విమానంలో చలి అని పెట్టుకున్న ఉన్నికోటు కూడా వేసుకుని గుండీలు పెట్టుకున్నాను. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఎండాకాలంలో నలుగురి ముందూ ఉన్నిబట్టలు వేసుకుని నిలబడటం నాకు జీవితంలో ఇది రెండోసారి. మొదటిసారి మా అత్త వేయించింది.

నాకు ఉద్యోగం ఇస్తున్నామని వచ్చిన ఉత్తరం ఒక పేజీ. రావలసినవాడు వెంట ఏమేమి తెచ్చుకోవాలో చెప్పే పట్టిక రెండు పేజీలు. దాన్నిబట్టే ఆ ఉద్యోగం ఎలాంటిదో నాకు అర్థమై ఉండాల్సింది. అప్పటికి మద్రాసులో విమానం నడపడం నేర్చుకుని, లైసెన్సు పుచ్చుకుని, ఏడాదిగా ఊళ్ళో కూర్చుని ఉన్నాను. పెద్ద కంపెనీలవాళ్ళు విమానం నడిపిన గంటలుంటేగాని ఉద్యోగం ఇవ్వరు, ఉద్యోగం ఉంటేగాని గంటలు రావు. లైసెన్సు మా ఇంట్లో పంచాంగం పక్కన మేకుకి వేలాడేది. వచ్చినవాళ్ళందరికీ నాన్న దాన్ని చూపించేవాడు కాదు, నేనే చూపించేవాణ్ణి. చివరికి ఈశాన్యపు కొండల్లో, రోడ్లు లేని చోట కాపలా కాసే శిబిరాలకి బియ్యం చేరవేసే ఒక చిన్న కంపెనీ నన్ను రమ్మంది. రెండింజన్ల పాత డకోటా విమానంలో రెండో పైలట్‌గా. ఆ మాట ఇంగ్లీషులో వింటే గొప్పగా ఉండేది. తెలుగులో చెబితే, కుడిపక్క కూర్చుని ఏమీ ముట్టుకోకూడని మనిషి.

పట్టికలో రెండు ఉన్ని కంబళ్ళు, ఉన్ని చొక్కా, మోకాళ్ళదాకా వచ్చే బూట్లు, వానకోటు, దోమతెర, టార్చిలైటు, చాకు, మలేరియా మాత్రలు, ఎనామిల్ పళ్ళెం, చెంబు, చివర్న ఒక ఈల ఉన్నాయి. పెట్టెలు పనికిరావు, గుడ్డసంచి మాత్రమే. పరుపుతో సహా అన్నీ కలిపి ముప్పై అయిదు పౌండ్లు దాటకూడదు. మీ సామాను ఒక పౌండు పెరిగితే శిబిరంలో ఒకడికి ఒక పౌండు బియ్యం తగ్గుతుంది అని కింద గీత గీసి రాశారు. నేనా వాక్యాన్ని ఇంట్లో గట్టిగా చదివాను. చదివి ఉండకూడదు. అప్పటిదాకా నేను ఆకాశంలో ఏం చేస్తానో మా అత్తకి తెలియదు.

మా అత్త అంటే నాన్నకి అక్క, రమణమ్మ. పెళ్ళయిన ఏడాదికే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. నాకు మూడేళ్ళప్పుడు అమ్మ పోయింది. అప్పటినుంచి ఇల్లూ, గొడ్లూ, నాన్నా, నేనూ ఆమె చేతికిందే. మా ఊరు తోటపల్లి గూడూరుకి తూర్పున, సముద్రం కనిపించదుగాని మధ్యాహ్నం దాటితే గాలిలో ఉప్పు తగులుతుంది. ఇప్పుడక్కడ కంటికి ఆనినంతమేరా రొయ్యల గుంటలు, వాటిలో నీళ్ళు చిలికే చక్రాలు. అప్పుడు వడ్లు. వడ్లు ఉడకబెట్టే రోజుల్లో ఆ వాసన మంచం దుప్పట్లకి, నా పుస్తకాలకి, చివరికి పంచాంగానికి కూడా పట్టేది. నూర్పిళ్ళు అయి, కూలీలు వెళ్ళిపోయి, కళ్ళం ఊడ్చేశాక మా అత్త ఒక చేట పట్టుకుని గొంతుక్కూర్చుని మట్టిలో మిగిలిన గింజలు ఒక్కొక్కటే ఏరేది. పుట్లకొద్దీ పండే ఇంట్లో ఆ గుప్పెడు గింజలేమిటని నేను వేళాకోళం చేసేవాణ్ణి. ఆమె జవాబు చెప్పేది కాదు. నా వేళాకోళాలకి ఇంట్లో ఎవరూ జవాబు చెప్పేవాళ్ళు కారు. నాన్న మాటలు తక్కువ మనిషి. వానొస్తే "వాన" అనేవాడు. అత్త మాత్రం పెదవి ఒక పక్కకి లాగి ఊరుకునేది. అది నవ్వో కాదో నాకు చాలా ఏళ్ళు తెలియలేదు.

ఆ రోజు ఆమె వసారాలో బియ్యం ఏరుతోంది. "బియ్యం యాడికి తీసకపోతార్రా?" అని అడిగింది.

"కొండలమీద ఉండే సిపాయిలకత్తా."

"ఆడ విమానం దిగేదానికి తావుండాదా?"

"లేదు. పైనుంచే వేస్తారు."

చేటలో ఆమె వేళ్ళు ఆగిపోయాయి. "వేస్తారంటే?"

"తలుపు తీసి తోసేస్తారు. మూటలు."

"అన్నాన్ని పైనుంచి ఇసిరేస్తారా."

ఆమె దాన్ని ప్రశ్నలాగా అనలేదు. చేట పక్కన పెట్టి లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట అన్నం తినలేదు. సాయంత్రం నేను వంటింటి గడప దగ్గర నిలబడి ఏదో హాస్యమాడబోతే, పొయ్యి వైపే చూస్తూ అంది: "నువ్వు గాల్లో ఎగురుతానంటే వద్దనలా. ఇంజను ఆగిపోతే ఏందని కూడా అడగలా. ఇది మాత్రం నా వల్ల కాదబ్బయ్యా. కింద పడ్డ గింజని కళ్ళకద్దుకునే ఇంట్లో పుట్టి, మూటలకి మూటలు నేలకేసి కొట్టే ఉద్యోగానికి పోతానంటే, పో. నా చేతి అన్నం తిని మాత్రం పోబాక."

నాన్న వసారాలో అంతా విన్నాడు. నాతో ఒక్క మాటే అన్నాడు. "ఆమె సరేనంటే పో. లేకుంటే లేదు." వానొస్తే వాన అన్నట్టే. అంటే ఏడాదిగా నేను ఎదురుచూసిన ఉద్యోగం ఇప్పుడు ఒక చేటెడు బియ్యం దగ్గర ఆగిపోయింది. రెండు రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఏమీ లేదు. నాకు కోపం వచ్చింది, భయం వేసింది, ఆ రెండూ కలిస్తే నాకేది వస్తుందో అదే వచ్చింది. అబద్ధం.

"అత్తా, నేను సరిగ్గా చెప్పలేదు. ఇసిరెయ్యరు. తాళ్ళతో దించుతారు" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. నేను అబద్ధం చెప్పేటప్పుడు వివరాలు ఎక్కువ చేరుస్తాను. "విమానం నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. తలుపు దగ్గర ఇద్దరు మనుషులుంటారు. మూటకి తాడు కట్టి, మెల్లగా వదులుతూ వస్తారు. కిందవాళ్ళు విప్పుకున్నాక తాడు పైకి లాగేసుకుంటారు. బావిలో చేద దించినట్టే."

"తాడు ఎంత పొడుగు కావాలి?"

"కొండని బట్టి."

"తెగదా?"

"సన్నదైతే తెగుతుంది మరి."

ఆమె పళ్ళెం అందుకుని, "కాళ్ళు కడుక్కుని రా, వడ్డిస్తా" అంది. గెలిచానని సంతోషంగా తిన్నాను.

ఆ వారంలోనే మూట కట్టడం మొదలైంది. నెల్లూరు జిల్లాలో ఉన్ని చొక్కా దొరకడమంటే ఎడారిలో పడవ దొరకడమే. మద్రాసులో ఉన్న స్నేహితుడు పాతబట్టల అంగట్లో ఒకటి కొని పంపాడు, ముదురు ఆకుపచ్చది, మోచేతుల దగ్గర మాసికలు వేసింది. సరిపోతుందో లేదో చూడాలని అత్త మిట్ట మధ్యాహ్నం పెరట్లో దాన్ని నా చేత తొడిగించింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి చూశారు. ఒకావిడ మంచు అంటే ఎలా ఉంటుందని అడిగితే, ఇలా మాత్రం ఉండదని చెప్పి చెమట తుడుచుకున్నాను. ఈల చూసి అత్త, "ఇదెందుకు?" అంది. అడవిలో తప్పిపోతే ఊదాలని చెప్పాను. "ఊదితే ఎవరొస్తారు?" "ఎవరో ఒకరు." ఆమె దాన్ని నోట్లో పెట్టుకుని ఒకసారి ఊదింది. పాకలోంచి దూడ అరిచింది. "దూడన్నా పలికింది" అని ఈలని చీరకొంగుతో తుడిచి ఇచ్చేసింది.

సంచి కుట్టింది మస్తాన్ సాయిబు. ఊరికి ఉత్తరపు చివర, బస్సురోడ్డు దగ్గర ఇల్లు. మా ఊళ్ళో చొక్కాలు, పరుపులు, బండి గుడారాలు అన్నీ ఆయనే కుట్టేవాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. బండి గుడారానికని తెచ్చిపెట్టుకున్న మందపాటి గుడ్డతో నాకు సంచి కుట్టి, భుజానికి పట్టీ వేసి, "వాన పడినా లోపల తడవదు. నువ్వు తడిసినా ఇది తడవదు" అన్నాడు. అన్నీ అందులో సర్దాక నాన్న దూలానికి పెద్దకాటా కట్టి తూచాడు. ముప్పై అయిదు పౌండ్లంటే మణుగూ మూడు వీశెలకి కొంచెం పైన అని లెక్కకట్టి, ఆ కొంచెం వదిలేసి రాళ్ళు వేశాడు. సరిగ్గా సరిపోయింది. నా జీవితమంతా ఇంకో వీశె కూడా పట్టని సంచిలో సర్దుకున్నందుకు నాకు కాస్త గర్వంగా ఉండింది.

రైలు టికెట్టు సోమవారానికి దొరికింది. పురోహితుడు మాత్రం గురువారం పొద్దున తప్ప పక్షం రోజులదాకా ఉత్తరదిక్కు ప్రయాణానికి మంచి ఘడియ లేదన్నాడు. మావైపు దీనికి ఒక ఉపాయం ఉంది. మనిషి కదలలేకపోతే మంచి ఘడియలో అతని మూటని గడప దాటించి, వెళ్ళే దిక్కున ఎవరింట్లోనైనా ఉంచుతారు. ప్రస్థానం పెట్టడం అంటారు. మూట బయల్దేరితే మనిషి బయల్దేరినట్టే. తర్వాత వీలైనప్పుడు అతను వెళ్ళి మూట తీసుకుని అటే పోతాడు. ఒకసారి గడప దాటిన మూట మళ్ళీ ఇంట్లోకి రాకూడదు, అంతే. గురువారం పొద్దున నా సంచి హారతి తీసుకుని, బొట్టు పెట్టించుకుని, నాన్న భుజంమీద మస్తాన్ ఇంటికి వెళ్ళిపోయింది. నేను గుమ్మంలో నిలబడి దానికి చెయ్యి ఊపాను. ఎవరూ నవ్వలేదు.

ఆ నాలుగు రోజులు నేను వెళ్ళిపోయిన ఇంట్లో ఉన్నాను. నా పళ్ళెం సంచిలో ఉంది కాబట్టి చుట్టంలాగా విస్తరాకు వేశారు. నా దుప్పటీ సంచిలో ఉంది కాబట్టి నాన్న ఉత్తరీయం కప్పుకున్నాను. అద్దం దగ్గర నా దువ్వెన లేదు, మేకుకి లైసెన్సు లేదు, దాని చోట గోడమీద తెల్లటి నలుచదరం. పక్కింటావిడ వచ్చి "అబ్బాయి పోయినాడా?" అని అత్తని అడిగితే, నేను ఎదురుగా కూర్చుని ఉండగానే అత్త "గురువారం పోయినాడు" అని చెప్పింది. "సోమవారం ఉత్తరం రాస్తాలే" అన్నాను నేను. అత్త పెదవి పక్కకి లాగి ఊరుకుంది. హాస్యాలు పనిచెయ్యడం మానేశాయి. ఊళ్ళో ఎవరింటికి వెళ్ళినా అప్పుడే వీడ్కోలు చెప్పేసినవాణ్ణి చూసినట్టు ఇబ్బందిగా చూసేవారు. పెరట్లో బావి చుట్టూ తిరిగి, దూడకి గడ్డి వేసి, మళ్ళీ వచ్చి మంచంమీద కూర్చునేవాణ్ణి. ఒంటరితనం అంటే దూరం వెళ్ళాక వచ్చేదని అనుకునేవాణ్ణి. అది వెళ్ళకముందే వచ్చి, నా విస్తరి పక్కనే కూర్చుంది.

ఆదివారం పొద్దున, వైద్యుడిచ్చిన మాత్రలు సంచిలో పెడదామని మస్తాన్ ఇంటికి వెళ్ళాను. ఆయన మిషను ముందు కూర్చుని ఉన్నాడు. మూలనున్న సంచిని ఒక చేత్తో జరపబోతే కదల్లేదు. రెండు చేతులా ఎత్తితే మోకాలిదాకా వచ్చి ఆగింది.

"మస్తానన్నా, ఇందులో ఏం పెట్టావు?"

"నేనేం పెట్టలా. నిన్న మీ అత్త వచ్చింది. ఏదో పెట్టి, మూతి బిగించి పోయింది. ఆడవాళ్ళు మూట కడతా ఉంటే చూడకూడదని నేను గుడ్డ కత్తిరించుకుంటా కూర్చున్నా."

విప్పాను. కంబళ్ళ అడుగున, పాతచీర ముక్కలో చుట్టి, జనపనార తాడు. కొత్తది. వేలెడు లావు. మా పొలంలో పండిన జనుమే. పక్షం రోజులుగా వసారాలో ఆమె, జీతగాడు కలిసి తాడు పేనుతుంటే, ఎద్దులకనుకుని నేను పక్కనించే తిరిగాను. బారలు కొలిచి చూశాను. ముప్పై. పొడవునా ఒక ఎర్రటి పోగు కలిపి పేనింది, తన పాత చీర అంచు చించి.

"ఎర్రది ఎందుకో?" అన్నాను, నాలో నేనే.

"పైనుంచి కనపడాలంట" అన్నాడు మస్తాన్, మిషను తొక్కుతూనే. "నేను చూడలా. ఆమె చెప్పింది."

నేను తాడు పక్కన కూర్చున్నాను. అది నాలుగు వీశెలకి తక్కువ ఉండదు. తీసుకెళ్తే సంచి నలభై ఏడు పౌండ్లు. దాన్నుంచాలంటే కంబళ్ళు, బూట్లు, వానకోటు తీసెయ్యాలి. మూట వెనక్కి తీసుకెళ్ళి, అత్తా, నేను అబద్ధం చెప్పాను అని చెప్పడానికి మూట వెనక్కి వెళ్ళకూడదు. నేను ఒక్కణ్ణి వెళ్ళి చెప్పచ్చు. చెబితే ఉద్యోగం లేదు. మస్తానన్నకి అంతా చెప్పాను. ఆయన మిషను ఆపాడు.

"ఒక బారెడు కోసుకుని తీసకపో. కత్తెర ఉండాది" అన్నాడు.

కత్తెర తీసుకున్నాను. ఎర్రపోగు మీద పెట్టాను. ఎక్కడ కోసినా పూర్తి తాడు తీసుకెళ్ళలేదని సాక్ష్యం చెప్పే ముక్కే అవుతుంది అనిపించింది. కత్తెర కింద పెట్టేశాను. "దాచెయ్యన్నా. నేను పోయాక నీకు దేనికైనా పనికొస్తుంది."

"దాస్తా. అడిగితే మాత్రం అబద్ధం చెప్పను. అది మీ ఇంట్లో ఒకరు చేస్తుండారు, చాలు."

సోమవారం ఉత్త చేతులతో ఇంట్లోంచి బయల్దేరాను. మూట ముందే వెళ్ళిపోయింది కాబట్టి, చూసేవాళ్ళకి వీధి చివరిదాకా వెళ్ళొచ్చేవాడిలా ఉన్నాను. అత్త అరచేతిలో పెరుగు పోసింది. "మూట ఒకసారి విప్పి చూసుకో, అన్నీ ఉండాయో లేదో" అంది.

"చూశానత్తా. అన్నీ ఉండాయి."

ఆమె తలూపింది. అంతకుమించి ఏమీ జరగలేదు. అయిదు రోజుల తర్వాత, బ్రహ్మపుత్రకి దగ్గర్లో ఒక రేకుల షెడ్డు ముందు, చొక్కా లేని ఒక గుమాస్తా నా సంచిని కాటామీద వేసి, "ముప్పై మూడు. ఇంకో రెండు పౌండ్లు పడుతుంది నీకు" అన్నాడు హిందీలో. నాన్న మా ఊరి అలవాటు చొప్పున రాళ్ళవైపు కాకుండా సరుకువైపు మొగ్గేలా తూచాడనుకుంటాను, కాదు, ఆ లెక్క ప్రకారం బరువు పెరగాలిగాని తగ్గకూడదు. ఆయన వదిలేసిన ఆ కొంచెం పోను మిగతాది ఎలా తగ్గిందో ఇప్పటికీ తెలియదు. రెండు పౌండ్లంటే నాలుగైదు బారల తాడు.

ఆ కొండల గురించి సాహసాలు రాయమని చాలామంది అడిగారు. రాయడానికి పెద్దగా లేదు. వెదురు గోడల గది, వాన. మబ్బు విడిచిన రోజున ఎగిరేవాళ్ళం, విడవని పది రోజులు మంచంమీద పడుకుని వాన వినేవాళ్ళం. శిబిరంమీదికి వచ్చాక గంట మోగితే వెనక ఉన్న మనుషులు మూటలు తోసేవాళ్ళు. మొదటిసారి నేను మెడ వెనక్కి తిప్పి చూశాను. మూటలు ఒకదాని వెంట ఒకటి ఆకుపచ్చలోకి వెళ్ళిపోతున్నాయి. తర్వాత తెలిసింది, బియ్యం ఒక సంచిలో సగమే నింపి, దాన్ని ఇంకో పెద్ద సంచిలో వేసి కుడతారు. నేలకి తగిలి లోపలిది పిగిలినా బయటిది పట్టుకుంటుంది. గింజలు దాదాపు చిందవు. ఈ సంగతి ముందే తెలిసుంటే అత్తకి నిజమే చెప్పేవాణ్ణి, ఆమె ఒప్పుకునేదేమో కూడా. తెలుసుకోకుండా చెప్పిన అబద్ధం నిజంకంటే పొడుగ్గా తయారైంది, ముప్పై బారలు.

అక్కడ తెలుగు వచ్చినవాళ్ళు లేరు. నా హాస్యాలని హిందీలోకి మార్చి చెబితే, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగేవారు. కొన్నాళ్ళకి మానేశాను. జోకులు వేసేవాడికి అవి వినేవాళ్ళు లేకపోతే, వాడు మామూలు మనిషికంటే ఎక్కువ మౌనంగా ఉంటాడు. నేను నాన్నలాగా తయారయ్యాను. వానొస్తే "వాన" అనేవాణ్ణి, దాన్ని కూడా ఎవరికీ అర్థం కాని భాషలో.

నెలకో ఉత్తరం వచ్చేది. అత్తకి రాయడం రాదు, నాన్న రాసేవాడు. నీళ్ళు వచ్చాయి, నాట్లు పడ్డాయి, దూడ పెయ్య అయింది. చివర్న ఒక వాక్యం మాత్రం ఆమె మాటల్లోనే ఉండేది: "తాడు సరిపోతా ఉండాదా అని అత్త అడగమంది." నేను జవాబు రాసేవాణ్ణి. సరిపోతోంది. ఒక్కో కొండకి కొంచెం మిగులుతోంది కూడా. ఎర్రపోగు బాగా కనిపిస్తోందని కిందివాళ్ళు చెప్పారు. అబద్ధానికి వివరాలు చేర్చడం నాకలవాటని చెప్పానుగదా. ఆ వివరాలకోసం నేను ఆ గదిలో గంటలకొద్దీ ఆలోచించేవాణ్ణి. ఆ ఏడాదిలో నేను తెలుగులో వేసిన జోకులన్నీ అవే.

ఏడాదికి సెలవు దొరికింది. పొద్దున్నే ఇల్లు చేరాను. మొదట కనిపించింది పెరట్లో బట్టలారేసే తాడు. అందులో ఎర్రపోగు. పాకలో పెయ్య మెడలో తాడు, ఎర్రపోగు. వసారాలో దూలానికి వేలాడే ఉట్టి తాడు, ఎర్రపోగు. ముప్పై బారలూ ఇల్లంతా పరుచుకుని ఉన్నాయి. నేను వెళ్ళిన మర్నాడే, మూటకి చోటిచ్చినందుకు బెల్లమూ బియ్యమూ ఇద్దామని అత్త మస్తాన్ ఇంటికి వెళ్ళిందట, తర్వాత ఆయన చెప్పాడు. తాడు మూలన ఉంది. "సాయిబూ, ఇది మా ఇంటిది గదా" అని చంకన పెట్టుకుని తీసుకుపోయిందట. అంతే. అంటే మొదటి ఉత్తరానికి ముందే ఆమెకి తెలుసు. పన్నెండు ఉత్తరాలు, పన్నెండు ప్రశ్నలు, వాటికి నా పన్నెండు జవాబులు. అన్నీ వసారాలో నాన్న చదివి వినిపిస్తుంటే ఆమె పెదవి ఒక పక్కకి లాగి వింటూ ఉండి ఉంటుంది.

స్నానానికి బావి దగ్గరికి వెళ్ళాను. గిలకమీద అదే తాడు, నీళ్ళకి నల్లబడి, ఎర్రపోగు మాత్రం అలాగే. చేద దించి లాగడం మొదలుపెట్టాను. అత్త తుండుగుడ్డ తెచ్చి, బావి చప్టామీద పెట్టి, వెళ్ళబోతూ ఆగింది.

"మెల్లిగా లాగబ్బయ్యా" అంది. "ఎన్ని కొండలు దిగొచ్చిందో ఏమో."

నేను తిరిగి చూడలేదు. తొట్టి నిండి పొర్లిపోయేదాకా లాగుతూనే ఉన్నాను. మధ్యాహ్నం ఆమె నాకు అన్నం వడ్డించింది, పళ్ళెంలో. చింతకాయ పచ్చడి, చేపల పులుసు. సంచి సంగతి, బియ్యం సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను మళ్ళీ కొండలకి వెళ్ళాక ఉత్తరాలు మామూలే. తాడు సరిపోతా ఉండాదా. సరిపోతోందత్తా.

మూడో ఏడు వానల్లో ఆమె పోయింది. టెలిగ్రాం నాకు చేరేసరికి పదకొండో రోజు. మబ్బు విడవక విమానాలు లేవు, వరదలకి రైళ్ళూ లేవు, బయటికి దారి లేదు. ఆ పది పదిహేను రోజులు నేనేం చేశానో గుర్తు లేదు. ఈల ఒకసారి ఊదినట్టు గుర్తు. ఎవరూ రాలేదు. అక్కడ దూడ కూడా లేదు.

నెలకి నాన్న ఉత్తరం వచ్చింది. ఎప్పటిలాగే చిన్నది. ఆమెకి జ్వరం ఎన్ని రోజులుందో, కర్మ ఎవరు చేశారో, కాలవలో నీళ్ళెంత ఉన్నాయో. చివర్న కొంచెం ఖాళీ వదిలి, ఇంకో వాక్యం. "తాడు సరిపోతా ఉండాదా." అత్త అడగమంది అని లేదు. చుట్టూ ఏ మాటా లేదు. జీవితంలో నాన్న నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదేననుకుంటాను.

కాగితం ముందు చాలాసేపు కూర్చున్నాను. ఎర్రపోగు గురించి, కొండల గురించి ఏదైనా రాద్దామనుకున్నాను. రాలేదు. "చాలడం లేదు నాన్నా" అని రాసి, అంటించి, పంపేశాను. రాశాక సిగ్గుపడ్డాను. అది నేను రాసే మాట కాదు, నాటకంలో మాట. కాని విమానం టపా తీసుకుని అప్పటికే వెళ్ళిపోయింది.

జవాబు రాలేదు. రెండు నెలల తర్వాత రైలు పార్సిలు వచ్చింది. మస్తానన్న కుట్టిన ఇంకో సంచి, లోపల ఉత్తరం లేదు. జనపనార తాడు. నాన్న ఒక్కడే పేనినట్టున్నాడు, ఒకచోట లావు, ఒకచోట సన్నం, అక్కడక్కడా ముడి. ఎర్రపోగు మాత్రం చివరినుంచి చివరిదాకా తప్పకుండా వచ్చింది, ఆమె చీర ఇంకొకటి చించి ఉంటాడు. షెడ్డు ముందు గుమాస్తా దాన్ని కాటామీద వేసి, నా సామాను ఇప్పుడు లెక్క దాటిందని, ఏదైనా తీసెయ్యాలని చెప్పాడు. బూట్లు అతనికే ఇచ్చేశాను.

అప్పటినుంచి ఎక్కడ పనిచేసినా ఆ తాడు నా సామానులోనే తిరిగింది. పోయిన నెల దాన్ని ఊరికి తీసుకెళ్ళాను, మా పాత బావి గిలకకి కట్టి, ఒక్క చేద నీళ్ళు తోడుకుని వద్దామని. బావిమీద సిమెంటు పలక వేసి, మోటారు బిగించేశారు. గిలక తీసి పాతసామాన్లవాడికి వేశారట. ఇప్పుడా ఇంట్లో ఉంటున్న మా దాయాదుల అబ్బాయి మర్యాదగా మోటారు స్విచ్చి వేసి చూపించాడు. నీళ్ళు బాగానే వస్తున్నాయి. తాడు మళ్ళీ చుట్టుకుని సంచిలో పెట్టుకున్నాను. ఇన్నేళ్ళలో దాన్ని ఒక్కసారి కూడా దేనికీ వాడలేదు. సరిపోతోంది.